భూటాన్‌కి పది వేల కోట్లు ఎందుకని మా బావ అడిగాడు

సంక్రాంతికి అక్కావాళ్ళ ఇంటికి వెళ్ళాను. కనుమ రోజు మధ్యాహ్నం అన్నాలు తిని అందరం వరండాలో నడుం వాల్చి ఉంటే, ఫోన్ చూస్తున్న బావ ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. "ఏం బామ్మర్దీ, భూటాన్‌కి మనోళ్ళు పది వేల కోట్లు ఇస్తా ఉండారంటనే. నువ్వు ఆడ ఉండొచ్చినోడివి గదా, ఎందుకంట అంత? మన గుంటల కాడికి పొయ్యే రోడ్డుకి కంకర తోలే దిక్కు లేదే" అన్నాడు. బావది అల్లూరు వైపు రొయ్యల సాగు. ఆ రోడ్డు నాకు బాగా తెలుసు. నాలుగు చినుకులు పడితే మేత లారీ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది, అక్కడి నుంచి బస్తాలన్నీ ట్రాక్టర్‌లోకి మార్చుకోవాలి, ఆ కూలి ఖర్చంతా రైతు మీదే.

బావ చెప్పిన అంకె తప్పేమీ కాదు. 2024 నుంచి 2029 వరకు నడిచే భూటాన్ 13వ పంచవర్ష ప్రణాళికకు మన ప్రభుత్వం 10,000 కోట్ల రూపాయలు ఇస్తానని ఒప్పుకుంది. ఆ దేశం మొత్తం జనాభా ఎనిమిది లక్షలు కూడా ఉండదు, మన నెల్లూరు జిల్లాలో మూడో వంతు. నేను 2014 నుంచి రెండేళ్ళ నాలుగు నెలలు భూటాన్‌లోని వాంగ్డూ ప్రాంతంలో ఒక సబ్‌కాంట్రాక్టర్ దగ్గర సర్వేయర్‌గా పనిచేశాను. అంత కాలం అక్కడి తిండి తిని, అక్కడి మనుషుల మధ్య ఉండి కూడా బావ అడిగినదానికి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "చైనా పక్కనుంది కదా బావా" అని ఏదో అన్నాను. అది అందరూ చెప్పేదే, అందులో కొంత నిజమూ ఉంది, కానీ నేను చూసింది అది కాదు. అప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

సాయం చేయడం మంచిదా చెడ్డదా అన్న వాదనతో ఏమీ తేలదని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. సాయం వచ్చాక దాన్ని ఎవరు నడుపుతున్నారు, చెడిపోతే ఎవరు బాగుచేస్తున్నారు, లెక్కలు ఎవరి పుస్తకంలో ఉంటున్నాయి, వద్దని చెప్పగలిగే చోటు తీసుకునేవాడికి ఉందా లేదా, ఇవి చూడాలి. ఇవి ఉంటే చిన్న దేశం కూడా పెద్ద దేశం పక్కన నిలబడగలదు. ఇవి లేకపోతే ఎన్ని కోట్లు పోసినా గోడ మీద శిలాఫలకం ఒక్కటే మిగులుతుంది. శిలాఫలకం మాట ఊరికే అనలేదు, దాని దగ్గరికే వస్తాను.

పట్టపుపాళెంలో నీళ్ళ ప్లాంటు

మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి ఆనుకుని ఒక పట్టపుపాళెం, అంటే చేపలు పట్టేవాళ్ళ ఊరు, ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ పాళెం సగం పైగా నీళ్ళలో మునిగింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఊరికి వచ్చినన్ని కార్లు అంతకు ముందూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఎవరెవరో ఫైబర్ బోట్లు ఇచ్చారు, వలలు ఇచ్చారు, ఇళ్ళు కట్టారు. నేను వాళ్ళను తప్పు పట్టను, కూడూ గుడ్డా లేని రోజుల్లో వచ్చి ఆదుకున్నారు. బోర్లన్నీ ఉప్పుబారిపోయాయని ఒక విదేశీ సంస్థ మంచినీళ్ళ ప్లాంటు కూడా పెట్టించింది.

ఆ ప్లాంటు నడిచింది దగ్గర దగ్గర రెండేళ్ళు. బిందె రూపాయికి ఇచ్చేవాళ్ళు, మా అత్త ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని పొద్దున్నే పోయి తెచ్చుకునేది. తర్వాత నీళ్ళలో ఉప్పును వడగట్టే పొర, మెంబ్రేన్ పోయింది. పంచాయతీని అడిగితే మాకు అప్పగించలేదన్నారు. ఇచ్చిన సంస్థవాళ్ళ ఫోన్ నంబరు అప్పటికే పని చేయడం లేదు. ఆపరేటర్‌గా పెట్టిన కుర్రాడు జీతం రాక చెన్నై వెళ్ళిపోయాడు, తాళంచెవి కూడా వాడితోనే పోయింది. కొత్త తాళం వేసుకోవడం పెద్ద పనేమీ కాదు, కానీ ఆ గదిని తెరిచే హక్కు తమకుందని ఊళ్ళో ఎవరికీ అనిపించలేదు.

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు మళ్ళీ చూశాను. ఇనప తలుపు అడుగంతా ఉప్పుగాలికి తుప్పు పట్టి, పిల్లి దూరేంత సందు తేలింది. లోపల నీలంరంగు ట్యాంకు, దాని పక్కన విప్పని అట్టపెట్టె ఒకటి, ఎలుకలు కొట్టేసి ఉంది. కుళాయిలు నాలుగు ఉండాలి, రెండే ఉన్నాయి. గోడ మీద పాలరాతి పలక మాత్రం చెక్కుచెదరలేదు. ప్రారంభించిన తేదీ, ఇచ్చినవాళ్ళ పేర్లు, రెండు దేశాల జెండాలు. ఆ పలక కింద ఇద్దరు ముసలాళ్ళు కూర్చుని వల అల్లుకుంటున్నారు. నీళ్ళకు ఇప్పుడు క్యాన్‌లు కొనుక్కుంటున్నారు.

ఆ ప్లాంటు పెట్టినవాళ్ళకు మంచి మనసు ఉంది, డబ్బు ఉంది, మంచి మిషను తెచ్చారు. మెంబ్రేన్ ఎన్నాళ్ళకు మార్చాలి, దానికి బిందెకు రూపాయిలోంచి ఎంత పక్కన పెట్టాలి, ఆ డబ్బు ఎవరి పేరు మీద బ్యాంకులో ఉండాలి అనే మాట మాత్రం ఊరివాళ్ళతో ఎవరూ కూర్చుని మాట్లాడలేదు.

చుఖా లెక్క

ఇప్పుడు భూటాన్ సంగతి. 1958లో నెహ్రూ భూటాన్‌కి వెళ్ళినప్పుడు అక్కడికి మోటారు రోడ్డు లేదు. సిక్కిం దాటి, టిబెట్‌లోని చుంబీ లోయ గుండా గుర్రాల మీద, జడలబర్రెల మీద పారో చేరుకున్నారు. 1961లో వాళ్ళ మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది, మొదటి రెండు ప్రణాళికలకు ఖర్చంతా మనదే. అదే ఏడాది మన సరిహద్దు రోడ్ల సంస్థ దంతక్ పేరుతో అక్కడ పని మొదలుపెట్టింది. ఇప్పటికీ కొండదారుల్లో దంతక్ బోర్డులు కనిపిస్తుంటాయి, మొదటిసారి చూసినప్పుడు దేశం కాని దేశంలో హిందీ అక్షరాలు కనపడి ప్రాణం లేచొచ్చింది నాకు.

వాళ్ళ బతుకు మలుపు తిరిగింది మాత్రం చుఖాతో. 1974లో ఒప్పందం కుదిరింది, 336 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం, 1986-88 మధ్య కరెంటు మొదలైంది. ఖర్చులో 60 శాతం మన గ్రాంటు, మిగిలిన 40 శాతం 5 శాతం వడ్డీకి అప్పు. వాళ్ళు వాడుకోగా మిగిలిన కరెంటు మనం కొంటాం. ఆ డబ్బుతో వాళ్ళు అప్పు తీరుస్తారు, మిగతాది వాళ్ళ ఖజానాకు. 1991లో కేంద్రాన్ని పూర్తిగా వాళ్ళ చేతికి అప్పగించారు. బావకు ఈ ముక్క చెప్పి ఉండాల్సింది. దానం ఇచ్చి మర్చిపోయిన లెక్క కాదిది, కొనేవాడు ముందే ఖాయమైన పంట. మనకు కరెంటు వచ్చింది, వాళ్ళకు ఆదాయం వచ్చింది. పదో తరగతి దాకా ఉచిత చదువు, ఉచిత ప్రాథమిక వైద్యం అని తర్వాత రాజ్యాంగంలో రాసుకునే ధైర్యం వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చిందంటే చాలావరకు ఆ నీళ్ళ నుంచే. ఆ తర్వాత 1,020 మెగావాట్ల తాలా, 2019లో 720 మెగావాట్ల మాంగ్దెఛు.

జపాన్ ఆయన

అక్కడి రైతుల నోట నేను ఎక్కువసార్లు విన్న పేరు మాత్రం ఒక జపాన్ ఆయనది, కెయిజీ నిషియోకా. వ్యవసాయ నిపుణుడు, ఆసియా దేశాలకు సాయం చేసే కొలంబో ప్లాన్ కింద 1964లో వచ్చాడు. వచ్చినప్పుడు చిన్న మడి ఇచ్చి, కొందరు కుర్రాళ్ళను అప్పగించారట. ముల్లంగి దగ్గర నుంచి కూరగాయలు పండించి చూపించాడు. వరి నారు వరుసల్లో నాటడం నేర్పించాడు. మాటలతో కాకుండా మడిలో దిగి చూపించబట్టే నమ్మారని మా ఇంటి ఓనరు చెప్పేవాడు. తర్వాత దారీతెన్నూ లేని జెంగాంగ్ ప్రాంతానికి వెళ్ళి, అక్కడి వాళ్ళు సొంతంగా చేసుకోగలిగిన పద్ధతుల్లోనే కాలువలు, తీగ వంతెనలు కట్టించాడు. 1980లో రాజు ఆయనకు దాషో అనే బిరుదు ఇచ్చాడు. 1992లో అక్కడే కన్నుమూశాడు, మొత్తం 28 ఏళ్ళు. పారోలో ఆయన పేరు మీద చోర్తెన్, అంటే బౌద్ధ స్థూపం ఉంది, నేను వెళ్ళి చూసినప్పుడు ఎవరో తాజా పూలు పెట్టి ఉన్నారు.

28 ఏళ్ళు అనే మాట దగ్గరే నేను ఆగిపోతాను. మా పాళెంలో ప్లాంటు పెట్టినవాళ్ళు 28 వారాలు ఉన్నా బాగుండేది.

భూటాన్‌వాళ్ళు పొత్తులను ఎంచుకునే తీరు కూడా గమనించాల్సింది. ఐక్యరాజ్యసమితిలో 1971లో చేరారు, కానీ భద్రతామండలిలోని ఐదు శాశ్వత సభ్యదేశాల్లో ఒక్కదానితోనూ దౌత్య సంబంధాలు పెట్టుకోలేదు. స్విట్జర్లాండ్, డెన్మార్క్, ఆస్ట్రియా, జపాన్ లాంటి దేశాలను దగ్గరికి తీసుకున్నారు. ఆస్ట్రియా సాయంతో బసోఛు జలవిద్యుత్ కేంద్రం కట్టుకున్నారు, మా క్యాంపు నుంచి పెద్ద దూరం కాదు. తమ మీద పెత్తనం చేయలేనంత దూరంలో ఉన్నవాళ్ళు, తమకు కావలసిన ఒక్కో పని బాగా వచ్చినవాళ్ళు. ఊళ్ళో చిన్న రైతు పెద్ద ఆసామి ఒక్కడి దగ్గరే అప్పు చేయకుండా నాలుగు చోట్ల కొంచెం కొంచెం చేబదులు తీసుకున్నట్టు.

మంచివాడి బరువు

ఇంతవరకు రాసి వదిలేస్తే నేను అబద్ధం చెప్పినట్టే. నేను వాంగ్డూ వెళ్ళేటప్పటికే పునత్‌సాంగ్‌ఛు-1 డ్యాం దగ్గర కుడివైపు కొండ జారింది, 2013 జులైలో. 1,200 మెగావాట్ల ప్రాజెక్టు, 2008లో పని మొదలైంది. 3,500 కోట్లతో అయిపోతుందనుకున్నది 9,000 కోట్లు దాటింది. దాని కిందనే ఉన్న రెండోది 2025లో పూర్తయింది గానీ మొదటిది ఇంకా పూర్తి కాలేదు. ఇక్కడ షరతులు కూడా చుఖా నాటివి కావు. గ్రాంటు 40 శాతానికి తగ్గింది, అప్పు 60 శాతమైంది, వడ్డీ 10 శాతం. ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఆ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. కొండ జారడం ఎవరి చేతిలోనూ లేకపోవచ్చు, కానీ అప్పు పుస్తకంలో పేరు భూటాన్‌ది.

అదే 2013 జులైలో ఇంకొకటి జరిగింది. వాళ్ళ రెండో సార్వత్రిక ఎన్నికల తుది విడత పోలింగుకు రెండు వారాల ముందు, వంటగ్యాసు, కిరోసిన్ మీద మనం ఇచ్చే సబ్సిడీ ఆగిపోయింది. సిలిండర్ ధర ఒక్కసారిగా రెండింతలు దాటింది. అధికారంలో ఉన్న పార్టీ ఓడిపోయింది. ఆ తర్వాత ఆగస్టులో సబ్సిడీ మళ్ళీ వచ్చింది. పాత ఒప్పందం గడువు తీరింది కాబట్టి ఆగిందని మనవాళ్ళు అన్నారు. అయి ఉండొచ్చు. నేను వెళ్ళేసరికి ఏడాది గడిచినా మా ఇంటి ఓనరు భార్య ఆ నెల గురించి చెబుతూనే ఉండేది, కట్టెల పొయ్యి మళ్ళీ ఎలా వెలిగించుకుందో, పచ్చి కట్టెల పొగకు చిన్నవాడు ఎంత దగ్గాడో. నన్ను పట్టుకుని ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టి పక్కన కూర్చుని మామూలుగానే చెప్పింది, నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

మా బావకు ఈ బాధ నాకంటే బాగా అర్థమవుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు ఆయన గుంటల్లో రొయ్య పట్టుబడికి వచ్చి ఉంది. కొనేవాళ్ళు ధర తగ్గించేశారు, ఉంచుదామంటే మేత ఖర్చు, పైగా ఏ రోగం తగులుకుంటుందో అని టెన్షన్. వారం రోజులు ఆయనకు నిద్ర లేదు. ఎక్కువ సరుకు పోయేది ఒకే దేశానికైతే, ఆ దేశంలో ఎవరో సంతకం పెడితే ఇక్కడ అల్లూరులో ఇంట్లో పొయ్యి మీద ప్రభావం పడుతుంది. భూటాన్ కరెంటును కొనేది మనం. ఈమధ్య కొంత కరెంటు మన పవర్ ఎక్స్ఛేంజీలో అమ్ముకుంటున్నారు కానీ అదీ మన గడ్డ మీదే. చలికాలంలో నదుల్లో నీళ్ళు తగ్గితే తిరిగి మన దగ్గరే కొనుక్కుంటున్నారు. బావా, అక్కడ మనం అమెరికా, వాళ్ళు నువ్వు.

ఇంకా బరువైన విషయం ఒకటుంది. 1990ల మొదట్లో దక్షిణ భూటాన్ నుంచి నేపాలీ మాట్లాడే ల్హోత్‌షాంపాలు లక్ష మంది దాకా దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి నేపాల్ శిబిరాల్లో ఉన్నారు. చివరికి 2007 తర్వాత అమెరికా, మరికొన్ని దేశాలు లక్ష మందికి పైగా తీసుకెళ్ళాయి. సాయం చేస్తున్న దేశాల్లో ఏదీ ఈ విషయం మీద పొత్తు తెంచుకోలేదు, మనమూ తెంచుకోలేదు. పొత్తులు సంస్కరణలు తెస్తాయని పెద్ద మాటలు చదివినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. పొత్తులు రోడ్డు వేయించగలవు, డ్యాం కట్టించగలవు, ఇంట్లోంచి గెంటబడ్డవాడి తరఫున మాత్రం నోరు తెరవలేకపోయాయి. ఈ విషయం నేను ఒకసారి అక్కడ కదిపితే, మా ఓనరు టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సంస్కరణ ఎక్కడి నుంచి వచ్చింది

మరి వాళ్ళ ప్రజాస్వామ్యం ఎవరి ఒత్తిడితో వచ్చింది? నేను విన్నంతలో, చదివినంతలో, బయటివాళ్ళ ఒత్తిడితో కాదు. నాలుగో రాజు తానే దిగిపోతానని 2005లో ప్రకటించాడు, 2006లో కొడుక్కు అప్పగించాడు. మాకు రాజే బాగున్నాడు, ఎన్నికలు ఎందుకని జనమే బతిమాలుకున్నారట. 2007లో ఓటు వేయడం నేర్పడానికి ఉత్తుత్తి ఎన్నికలు రెండు విడతలుగా పెట్టారు, పార్టీలకు రంగుల పేర్లు పెట్టారు, పసుపు పార్టీ గెలిచింది. 2008లో అసలు ఎన్నికలు, అదే ఏడాది రాజ్యాంగం. అక్కడ వాడిన ఓటింగ్ మిషన్లు మన దేశంలో తయారైనవి. పని వాళ్ళది, పనిముట్టు మనది. పొత్తు ఎలా ఉండాలో నాకు ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ దొరకలేదు.

మన దగ్గర దీనికి తిరగేసి జరిగింది కూడా చూశాం. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, ప్రపంచ బ్యాంకు దాన్ని బాగా మెచ్చుకుంది, డబ్బూ ఇచ్చింది. ఆయకట్టు రైతులే కాలువలు చూసుకోవాలన్న ఆలోచన నూటికి నూరుపాళ్ళు మంచిది. మా నాన్న మొదటి ఎన్నికల్లో ఎంత ఉత్సాహంగా తిరిగాడో నాకు గుర్తుంది. ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు ఎన్నికలు లేవు, మళ్ళీ 2024 డిసెంబరులో జరిగాయి. మధ్యలో మా కాలువలో గుర్రపుడెక్క ఎవరు తీయాలో ఎవరికీ తెలియదు. ఆలోచన పైనుంచి వచ్చి కాగితం దాకా దిగింది, కాలువ గట్టు దాకా దిగలేదు. బావ మాటకు ఇదీ జవాబే, ఇచ్చేవాళ్ళమే కాదు, మనం తీసుకునేవాళ్ళం కూడా. అమరావతికి 2024లో ప్రపంచ బ్యాంకు మంజూరు చేసింది 80 కోట్ల డాలర్లు.

ఒక నోటుపుస్తకం

నాతో పాటు కొండ వాలు కొలతలకు ఒక భూటాన్ కుర్రాడు వచ్చేవాడు, కొత్తగా డిప్లొమా అయినవాడు. కొండ మీద అక్కడక్కడ ప్రిజంలు, అంటే కిరణాన్ని తిప్పి పంపే అద్దాలు బిగించి ఉండేవి. రోజూ పొద్దున్నే టోటల్ స్టేషన్ అనే కొలత మిషను పెట్టి ఒక్కోదాన్నీ చూసి, నిన్నటికీ ఇవాళ్టికీ ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో రాయాలి. మా లెక్క మిషన్‌లోంచి కంప్యూటర్‌లోకి పోయేది. వాడు మాత్రం పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసిన నోటుపుస్తకంలో అన్నీ మళ్ళీ చేత్తో రాసుకునేవాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా గ్లౌజులు విప్పి రాసేవాడు. ఎందుకబ్బా రెండుసార్లు అని అడిగితే, "సార్, మీరు రెండేళ్ళకు వెళ్ళిపోతారు, కంప్యూటర్ కూడా మీతో వెళ్తుంది, కొండ ఇక్కడే ఉంటుంది" అన్నాడు. ఆ రోజు నుంచి వాడికి కొలతల చివర్లో తేలే తేడాను (క్లోజింగ్ ఎర్రర్) పంచడం దగ్గర నుంచి నాకు తెలిసిందంతా కూర్చోబెట్టి నేర్పాను. నా జీతంలో ఆ పని లేదు, కానీ అక్కడ నేను చేసిన పనుల్లో నాకు తృప్తి మిగిల్చింది అదే.

2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ సీ-54లో భూటాన్, ఇస్రో కలిసి తయారుచేసిన చిన్న ఉపగ్రహం మన షార్ నుంచి పైకి వెళ్ళింది. శ్రీహరికోట ఆ ఏడాది ఏప్రిల్‌లోనే తిరుపతి జిల్లాలోకి పోయింది, మాకు మాత్రం అది ఎప్పటికీ నెల్లూరు షారే. భూటాన్ ఇంజనీర్లు బెంగళూరులో శిక్షణ తీసుకుని, అందులో ఒక పరికరాన్ని మనవాళ్ళతో కలిసి తయారుచేశారు. ఫొటోలు అందుకునే స్టేషన్ థింఫులో ఉంది. అవి తమ అడవుల్నీ నదుల్నీ తామే చూసుకోవడానికి. ఆ వార్త చదివినప్పుడు ఆ నోటుపుస్తకమే గుర్తొచ్చింది నాకు.

పండగ తర్వాత ఆ కుర్రాడికి ఫోన్ చేశాను, చాలా రోజులైంది మాట్లాడి. పెర్త్‌లో ఉన్నాడు. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో రాత్రి డ్యూటీ. 2023 డిసెంబరులో భూటాన్ వెనుకబడిన దేశాల జాబితా నుంచి బయటపడింది, అప్పటికి రెండు మూడేళ్ళుగా వాళ్ళ చదువుకున్న పిల్లలు ఇలా ఆస్ట్రేలియా దారి పడుతూనే ఉన్నారు. మన కావలి, కందుకూరు పిల్లలు అమెరికా పోయినట్టే. నేర్పింది వృథా అయిందా అని ఒక క్షణం మనసు చివుక్కుమంది. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పొత్తులతో దేశం ఎదిగింది, ఎదిగిన దేశంలో ఆ కుర్రాడికి సరిపడా జీతం లేదు. నోటుపుస్తకం ఏమైందని అడిగాను. తన తర్వాత చేరిన అమ్మాయికి ఇచ్చి వచ్చానన్నాడు, అప్పటికి అవి మూడు పుస్తకాలయ్యాయట.

ఇదంతా బావకు చెప్పాను, పోయిన ఆదివారం గుంట గట్టు మీద, ఏరేటర్ల చప్పుడులో కొంచెం గట్టిగానే. ఆయన పది వేల కోట్ల గురించి మళ్ళీ అనలేదు, ఒప్పుకున్నాడనీ చెప్పలేను. ట్రే పైకి లాగి మిగిలిన మేత చూసుకుంటూ, "ఆ పాళెంలో ప్లాంటుకి మెంబ్రేన్ అంటివే, అది ఎంతవుద్దంట?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. సోమవారం కావలిలో పంపుల షాపుకి పోయే పని ఉంది, అడిగొస్తానన్నాడు.